చందమామ దాకా వేసుకోమని నవ్విన రైలు.. మా ఊరి నెట్‌కు పేరైంది

ఏటా సెప్టెంబరు చివరి వారం వచ్చిందంటే చాలు, మా వైపు కొండదారుల్లో తెలుగు మాటలు వినిపిస్తాయి. బోస్టన్, కనెక్టికట్, న్యూజెర్సీల నుంచి మనవాళ్లు ఆకులు రంగు మారే రోజులు చూసుకుని, పులిహోర డబ్బాలు సర్దుకుని, న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌కి వస్తారు. వాళ్లలో చాలామంది మౌంట్ వాషింగ్టన్ కాగ్ రైలెక్కుతారు. పైన చలికి వణుకుతూ ఫొటోలు దిగి, కిందికొచ్చి వేడి కాఫీ తాగి వెళ్లిపోతారు. పోయిన అక్టోబరులో గ్యాస్ స్టేషన్ దగ్గర ఒక తెలుగు కుటుంబం నా వ్యాన్ మీదున్న బొమ్మ చూసి ఆగింది. పళ్ల చక్రం బొమ్మ అది, కింద ఇంటర్నెట్ అని రాసి ఉంటుంది. ఆ రైలు వాళ్లే ఇక్కడ నెట్ కూడా ఇస్తున్నారా అని అడిగారు. కాదండీ, వాళ్లకీ మాకూ ఏ సంబంధమూ లేదు, ఒక పెద్దమనిషి జ్ఞాపకంగా పెట్టుకున్న పేరు అన్నాను. ఎవరా పెద్దమనిషి అంటే ఐదు నిమిషాల్లో చెప్పలేకపోయాను. పిల్లలు కారులో గోల పెడుతున్నారు. వాళ్లకు అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

ఇది ప్రకటన కాదు కాబట్టి మా చిన్న సంస్థ పూర్తి పేరు రాయను. అందులో ‘కాగ్’ అనే మాట ఉందని చెబితే చాలు. కాగ్ అంటే పళ్ల చక్రానికి ఉండే పన్ను.

మేము ఈ కొండల్లోకి 2018లో వచ్చాం. మా ఆవిడ డాక్టరు, ఇక్కడి చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నేను నెట్‌వర్క్ ఇంజినీరును, ఇంట్లో కూర్చుని పని చేసుకోవచ్చులే అనుకున్నాను. ఇల్లు కొన్నాక తెలిసింది, కేబుల్ లైను మా ఇంటికి మూడు మైళ్ల దూరంలోనే ఆగిపోయిందని. ఒక పెద్ద కంపెనీకి ఫోన్ చేస్తే, మీ రోడ్డులో ఇళ్లు తక్కువ, మాకు గిట్టుబాటు కాదన్నారు. 2020లో బడి ఇంటికొచ్చేసరికి మా పాప లైబ్రరీ పార్కింగ్‌లో, హీటరు వేసిన కారులో కూర్చుని పాఠాలు వినేది. పక్క కార్లలో కూడా పిల్లలే. రాజమండ్రిలో ఉన్న అమ్మకు వీడియో కాల్ చేస్తే బొమ్మ సగంలో బిగుసుకుపోయేది. ఆ ఏడాది కదిలే అమ్మ కన్నా కదలని అమ్మనే ఎక్కువ చూశాను.

చివరికి ఇరుగుపొరుగు నలుగురం కలిసి మేమే పెట్టుకుందామనుకున్నాం. ఊళ్లోకి వచ్చిన ఫైబర్ లైను నుంచి కనెక్షన్ తీసుకుని, ఒక పాడిరైతు గారి సైలో మీద ఒక రేడియో, కొండ భుజం మీద సోలార్ పలకలతో మరొకటి, అవతలి లోయలో ఇంకొకటి పెట్టాం. మూడు మజిలీలు. వేసవంతా బాగానే నడిచింది. జనవరిలో ఒక రాత్రి గడ్డకట్టే వాన పడి, కొండ మీది పలకల నిండా మంచు పేరుకుంది. బ్యాటరీ అయిపోయింది. రెండో మజిలీ ఆగితే దాని తర్వాతి ఇళ్లు ఆగాలి, అంతే కదా. మొదటి మజిలీ ఇళ్లు కూడా ఆగిపోయాయి, ఎందుకంటే అన్నింటి తాళాలూ నేను ఆ మధ్య పెట్టెకే కట్టాను. ఆ రాత్రి మా ఆవిడ ఆన్‌కాల్‌లో ఉంది. ఇంటి నుంచి ఒక స్కాన్ చూడాల్సి వచ్చింది, చూడలేకపోయింది. అర్ధరాత్రి ఆ మంచు రోడ్డు మీద తనే కారు తీసుకుని వెళ్లింది. రోగికి ఏమీ కాలేదు, తనూ క్షేమంగా తిరిగొచ్చింది. నేను మాత్రం తెల్లారేదాకా కిటికీ దగ్గరే ఉన్నాను. తప్పు పూర్తిగా నాది.

మర్నాడు మా పక్కింటి పెద్దాయన పార తీసుకుని వచ్చారు. ఎనభై దాటిన మనిషి. కుర్రతనంలో కొన్ని వేసవులు ఆ కొండ రైలులో బ్రేక్‌మన్‌గా పనిచేశారట. మంచు తీస్తూ నా గోడంతా విని, నువ్వు ఎక్కడం గురించే ఆలోచించావు, ఆగిపోతే ఏమవుతుందో ఆలోచించలేదన్నారు. మార్ష్ ఉంటే ముందు అదే అడిగేవాడని నవ్వారు. ఆ చలికాలమంతా నేను సిల్వెస్టర్ మార్ష్ గురించి దొరికిందల్లా చదివాను.

మార్ష్ 1803 సెప్టెంబరు 30న ఇదే న్యూ హాంప్‌షైర్‌లోని కాంప్టన్ అనే ఊళ్లో, చాలామంది పిల్లలున్న రైతు ఇంట్లో పుట్టారు. ఊరి బడిలో కొద్దిగా చదువు, మిగతాదంతా పొలం పని. ఇక్కడి నేల సంగతి నాకు తెలుసు. పెరట్లో నాలుగు వంగ మొక్కలు పెడదామని తవ్వితే బస్తాడు రాళ్లు వచ్చాయి. కుర్రవాడిగా ఉండగానే ఆయన ఇల్లు విడిచి బోస్టన్ బయల్దేరారు. బండికి డబ్బుల్లేవు, వంద మైళ్లకు పైగా నడిచే వెళ్లారంటారు. అక్కడ కూలి పని చేసి, తర్వాత మాంసం, వెచ్చాల వ్యాపారంలో దిగారు. 1833లో ఇంకా పడమరకు, చికాగోకు వెళ్లారు. అప్పటి చికాగో అంటే బురదలో కొన్ని వందల మంది ఉండే చిన్న ఊరు. పశువులను కొని, మాంసం ఉప్పు వేసి పీపాల్లో నింపి అమ్మడం అక్కడ మొదలుపెట్టిన తొలివాళ్లలో మార్ష్ ఒకరు. తర్వాతి రోజుల్లో ప్రపంచానికంతా మాంసం పంపిన ఆ నగరపు పరిశ్రమకు అలాంటి వాళ్లే పునాది వేశారు.

1837లో అమెరికా అంతటా బ్యాంకులు కుప్పకూలాయి. సంపాదించిందంతా పోయింది. ముప్పై నాలుగేళ్ల వయసులో మళ్లీ మొదటి నుంచి. 2008లో ఉద్యోగాలు పోగొట్టుకుని, వీసా గడువు లెక్కపెట్టుకుంటూ గడిపిన మన మిత్రులు చాలామందికి ఈ భాగం విడమరిచి చెప్పక్కర్లేదు. ఈసారి ఆయన ధాన్యం వైపు తిరిగారు. మొక్కజొన్న పిండి తేమకు ముక్కిపోయి దూరప్రయాణానికి పనికొచ్చేది కాదు. వేడిగాలితో ఆరబెట్టే పద్ధతి, దానికి కావలసిన యంత్రాలు ఆయనే కనిపెట్టారు. మా అమ్మ ఎండలో మిరపకాయలు ఆరబోసి, కారం కొట్టించి, పార్శిల్ చేసి పంపిన లెక్కే, కాకపోతే ఆవిరితో, పెద్దయెత్తున. మాంసం పనిలోనూ ఆవిరిని వాడుకునే ఏర్పాట్లు చాలా చేశారు. యంత్రాల చదువేమీ లేని మనిషి. పనిచేస్తుండగా అడ్డం వచ్చిన ప్రతిదానికీ ఒక పరికరం చేసుకుంటూ పోయారు.

1855కల్లా చాలినంత సంపాదించి, వ్యాపారం మానేసి, న్యూ ఇంగ్లండ్‌కు తిరిగొచ్చారు. అక్కడే కథ ముగిసిపోవాలి. కానీ ఏ పనీ లేకుండా కూర్చున్న కొన్నాళ్లకే ఆయనకు అజీర్తి పట్టుకుంది. తిన్నది అరగదు, నిద్ర పట్టదు. చాలా ఏళ్ల తర్వాత అమెరికా సెనేట్ కమిటీ ముందు మాట్లాడుతూ, ఆ రైలు వేసింది ప్రధానంగా కాలక్షేపానికి, అజీర్తి వదిలించుకోవడానికి అని మార్ష్ స్వయంగా చెప్పుకొన్నారు. కొండను జయించడం, దేశ ప్రగతి వంటి పెద్ద మాటలేమీ వాడలేదు. నాకు ఆయన మీద ఇష్టం కలిగింది సరిగ్గా ఇక్కడే.

1850ల్లో ఒక వేసవి రోజున పాస్టరు మిత్రుడొకరితో కలిసి మౌంట్ వాషింగ్టన్ ఎక్కారు. 6,288 అడుగుల కొండ. హిమాలయాలు చూసిన మనకు ఆ అంకె ఆనదు. కానీ తుపాను దారులు కలిసేచోట నిలబడి ఉండటం వల్ల ఇక్కడి వాతావరణం నిమిషాల్లో మారిపోతుంది. 1934 ఏప్రిల్ 12న శిఖరం మీద గంటకు 231 మైళ్ల వేగంతో గాలి వీచినట్టు నమోదైంది. ఆరు దశాబ్దాలకు పైగా ప్రపంచంలో అంతకు మించిన గాలి రికార్డు కాలేదు. మార్ష్, ఆయన మిత్రుడు దారిలో ఉండగానే తుపాను కమ్మింది. దారి తప్పి, చీకట్లో తడుముకుంటూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని శిఖరం మీదున్న బసకు చేరారు. బతికి బయటపడ్డవాడు సాధారణంగా మళ్లీ ఆ కొండ వైపు చూడడు. మార్ష్ మాత్రం ముసలివాళ్లూ పిల్లలూ కూడా ఇబ్బంది లేకుండా పైకి చేరాలంటే ఏం చేయాలని ఆలోచిస్తూ ఇంటికెళ్లారు.

1858లో ఒక నమూనా తయారుచేసుకుని, రైలు వేయడానికి అనుమతి కోసం రాష్ట్ర శాసనసభ ముందుకొచ్చారు. సభ పగలబడి నవ్వింది. శిఖరం దాకా ఎందుకు, చందమామ దాకా పొడిగించుకోవడానికీ అనుమతి ఇచ్చేద్దామని ఒక సభ్యుడు వేళాకోళంగా సవరణ పెట్టాడంటారు. అనుమతైతే ఇచ్చారు, ఎలాగూ జరిగేది కాదని. ఆయనకు పిచ్చి మార్ష్ అని పేరు పడిపోయింది. యాభై అయిదేళ్ల మనిషిని ఊళ్లో అలా పిలుస్తుంటే ఇంట్లో వాళ్లకు ఎలా ఉండేదో అనిపిస్తుంది.

అయితే వాళ్ల నవ్వుకూ కారణం లేకపోలేదు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం జారుతుంది. మామూలు రైలు వంద అడుగుల దూరానికి మూడు, నాలుగు అడుగులు ఎత్తెక్కాలన్నా ఆయాసపడుతుంది. మార్ష్ ఎంచుకున్న దారిలో సగటున వందకు పాతిక అడుగులు ఎక్కాలి. బాగా నిటారుగా ఉన్నచోట వందకు 37 అడుగులకు పైనే. ఆ చోటును జాకబ్స్ లాడర్ అంటారు, మన తెలుగు బైబిల్లో యాకోబు నిచ్చెన. అలిపిరి మెట్ల దారిలో మోకాళ్ల పర్వతం గుర్తుందా? అక్కడ మనం చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఎక్కుతాం. అలాంటి చోట రైలు నడవాలి.

పళ్ల చక్రం మార్ష్ కనిపెట్టింది కాదు, ఇది స్పష్టంగా చెప్పాలి. ఇంగ్లండ్‌లో లీడ్స్ దగ్గర 1812లోనే బ్లెంకిన్సాప్ అనే ఆయన పళ్ల పట్టా మీద బొగ్గు బండ్లు నడిపారు. అమెరికాలోనే ఇండియానా రాష్ట్రంలో మాడిసన్ దగ్గర ఒక ఏటవాలు మీద 1840ల చివర్లో పళ్ల చక్రం ఇంజిను నడిచింది. కానీ ఒక కొండ శిఖరం దాకా మనుషులను ఎక్కించి, క్షేమంగా దించడానికి దాన్ని వాడింది మార్షే.

ఆయన చేసిన ఏర్పాటు ఇలా ఉంటుంది. రెండు పట్టాల నడుమ మూడో పట్టా ఒకటి వేశారు. అది నిచ్చెనను నేల మీద పడుకోబెట్టినట్టే ఉంటుంది. రెండు ఇనుప బద్దల మధ్య వరసగా గుండ్రటి ఇనుప కడ్డీలు. ఇంజిను కింద ఉన్న చక్రం పళ్లు ఒక్కో కడ్డీనీ పట్టుకుంటూ పైకి పాకుతాయి. ఇంజిను బోగీని లాగదు, కింద నుంచి తోస్తుంది. రెంటికీ మధ్య కొక్కెం కూడా ఉండదు. ఇంజినుకు ఏమైనా అయితే బోగీ తన బ్రేకులతో తాను నిలబడగలగాలని. మా పెద్దాయన చేసిన ఉద్యోగం అదే, బోగీ బ్రేకుల దగ్గర కాపలా.

దిగడం మీద మార్ష్ ఇంకా ఎక్కువ తల బద్దలు కొట్టుకున్నారు. ఎక్కేటప్పుడు ఆవిరి ఆగిపోతే వెనక్కి జారకుండా పళ్లకు అడ్డుపడే నాలుక ఒకటి అమర్చారు. సైకిలు పెడల్ ఆపినప్పుడు వెనక చక్రంలో టిక్‌టిక్‌మని చప్పుడు వస్తుంది చూడండి, ఆ కీలకం లాంటిదే. దిగేటప్పుడు ఆవిరి కట్టేస్తారు. బండి బరువుకు చక్రాలు తిరుగుతుంటే అవే పిస్టన్లను ఆడిస్తాయి, పిస్టన్లు సిలిండర్లలో గాలిని నొక్కుతాయి. ఆ గాలిని కొంచెం కొంచెంగా వదులుతూ వేగాన్ని అదుపులో ఉంచుతారు. ఎక్కించిన యంత్రమే దించేటప్పుడు బ్రేకు అవుతుంది. వీటికి తోడు చేతి బ్రేకులు. ఒకటి పోతే ఇంకొకటి, అదీ పోతే మరొకటి. నేను మా కొండ మీద పెట్టిన పెట్టెలో ఆ మరొకటి లేదు.

1861లో పేటెంట్ వచ్చింది. అదే ఏడు అంతర్యుద్ధం మొదలైంది. ఇనుము, మనుషులు, డబ్బు అన్నీ అటే వెళ్లాయి. ఐదేళ్లు కాచుకున్నారు. 1866 మేలో పని మొదలయ్యేసరికి ఆయనకు 62 ఏళ్లు. దగ్గర్లో రైల్వే స్టేషన్ పాతిక మైళ్ల దూరంలో ఉంది. ఇంజినును విడి భాగాలు చేసి, ఎద్దుల బండ్ల మీద ఆ పాతిక మైళ్లూ, ఆపైన అడవి కొట్టుకుంటూ ఇంకో ఆరు మైళ్లూ తెచ్చారు. కొండవాలు మీద రాళ్లూ గుంటలూ ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి, దాదాపు దారి పొడవునా దుంగలతో వంతెన కట్టి దాని మీద పట్టాలు వేశారు. వేసినంత మేర పట్టా మీదే తర్వాతి మేరకు కలప, ఇనుము ఇంజినే మోసుకెళ్లింది.

ఆ మొదటి ఇంజినుకు నిటారుగా నిలబెట్టిన బాయిలరు ఉండేది. చూడటానికి అప్పటి పెప్పర్ సాస్ సీసాలా ఉందని జనం పెప్పర్‌సాస్ అన్నారు, అదే నోళ్లలో నలిగి పెప్పర్‌సాస్ కాస్తా పెప్పర్‌శాస్ అయింది. ఆ ఆగస్టు 29న పెట్టుబడిదారులనూ రైల్వే పెద్దలనూ పిలిచి, అప్పటికి వేసిన కొద్దిపాటి పట్టా మీద ఎక్కించి, దించి చూపించారు. డబ్బు కదిలింది అప్పుడే. అంతదాకా చాలావరకు తన చేతి చమురే. ఫ్రాంక్లిన్ పట్టణానికి చెందిన వాల్టర్ ఐకెన్ అనే యంత్రాల తయారీదారు తోడు నిలిచారు. తర్వాతి ఇంజిన్లు, రైలు నిర్వహణ చాలావరకు ఐకెన్ చేతి మీదుగా నడిచాయి. కొత్త ఆలోచన ఒకరికి వస్తుంది, దాన్ని రోజూ నడిపించే ఓపిక ఇంకొకరికి ఉంటుంది. మా సంస్థలో ఆ రెండో మనిషి సైలో ఇచ్చిన పాడిరైతే.

1868 ఆగస్టుకు యాకోబు నిచ్చెన దాకా, 1869 జులై 3కు శిఖరం దాకా రైలు వెళ్లింది. దూరం దాదాపు మూడు మైళ్లు, ఎక్కిన ఎత్తు 3,600 అడుగులు. పళ్ల చక్రంతో కొండ శిఖరమెక్కిన మొట్టమొదటి రైలు ప్రపంచంలో అదే. వచ్చే నెలలోనే అధ్యక్షుడు యులిసెస్ గ్రాంట్ కుటుంబంతో వచ్చి ఎక్కి వెళ్లారు. చందమామ మాట అన్న సభ్యుడు ఎక్కాడో లేదో ఎక్కడా కనబడలేదు.

పట్టా చూసే పనివాళ్లు సాయంత్రం ఇంటికి దిగడానికి ఒక సాధనం చేసుకున్నారు. పీట లాంటి చెక్కను మధ్య పట్టా మీద ఆనించి, దాని మీద కూర్చుని జారడమే. చేతుల్లో రెండు బ్రేకు కర్రలు. రైలుకు గంటకు పైగా పట్టే దారిని మూడు నిమిషాల్లోపు దిగిన మొనగాళ్లు ఉన్నారంటారు. ప్రాణాలు పోయాక మాన్పించారు. నాకు మాత్రం ఆ బొమ్మలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

మా పనికి దగ్గరగా అనిపించిన సంగతి ఇంకొకటుంది. రైలు శిఖరం చేరిన మరుసటి ఏడు, 1870-71 చలికాలంలో, చార్లెస్ హిచ్‌కాక్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడి బృందం వాతావరణం గమనించడానికి శిఖరం మీదే ఉండిపోయింది. చలికాలంలో అక్కడ మనుషులు ఉండగలరని అప్పటిదాకా ఎవరూ నమ్మలేదు. వాళ్లు తలదాచుకున్నది మార్ష్ రైలు డిపోలోనే. టెలిగ్రాఫ్ తీగ మీద రోజూ గాలి, చలి వివరాలు కిందికి పంపారు. మనుషులను ఎక్కించడానికి వేసిన దారి, వేసిన ఏడాదికే కబుర్లను దించడం మొదలుపెట్టింది.

ప్రమాదాలు జరగలేదా అంటే జరిగాయి. 1929 జులైలో పాత పెప్పర్‌శాస్‌ను బాగుచేసి వేడుకగా నడిపితే, దిగేటప్పుడు ఇంజిను అదుపు తప్పి, ఒక ఫొటోగ్రాఫరు చనిపోయారు. 1967 సెప్టెంబరులో దారి మళ్లించే చోట పట్టా సరిగా అమరకపోవడంతో జరిగిన ప్రమాదంలో ఎనిమిది మంది పోయారు. మా పెద్దాయన ఆ సంవత్సరం ఎత్తితే మాట మార్చేస్తారు. కొండ మీద ఏ బ్రేకు కూడా ఒకసారి పెట్టి మరిచిపోయేది కాదని నేను ఆయన మౌనం చూసి నేర్చుకున్నాను.

ఇప్పుడు మన దేశం సంగతి. స్విట్జర్లాండ్‌లో నిక్లాస్ రిగెన్‌బాఖ్ అనే ఇంజినీరు కూడా ఇదే ఆలోచనతో 1863లో ఫ్రాన్స్‌లో పేటెంట్ తీసుకున్నారు. ఆయనకు తమ దేశంలో పట్టించుకున్నవాళ్లు లేరు. అమెరికాలో మార్ష్ రైలు నడుస్తోందని అక్కడి స్విస్ కాన్సుల్ కబురు పంపాక ఆయన మాటకు బలం వచ్చింది. మార్ష్ తన నమూనాలనూ నకళ్లనూ దాచుకోకుండా ఇచ్చేశారని ఆనాటి జీవిత చరిత్రలు రాశాయి. 1871 మేలో రిగి కొండ మీద, కొండలెక్కే పళ్ల రైళ్లలో యూరప్‌కు తొలిది నడిచింది. ఆ రిగెన్‌బాఖే 1880ల తొలి రోజుల్లో మద్రాసు ప్రభుత్వం పిలుపు మీద నీలగిరికి వచ్చి, ఊటీ కొండ రైలుకు అంచనాలు వేసిచ్చారు. వాటాలు అమ్ముడుపోక అది ఆగింది. తర్వాత ఆయన దగ్గర పనిచేసిన రోమన్ ఆప్ట్, పక్కపక్కనే రెండు పళ్ల బద్దలు పెట్టి, ఒకదాని పన్ను వదిలేలోపు రెండోదాని పన్ను పట్టుకునే పద్ధతి తెచ్చారు. నీలగిరిలో అదే వేశారు. మేట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో, ఊటీకి 1908లో రైలు చేరింది. అక్కడి ఏటవాలు బాగా నిటారుగా ఉన్నచోట వందకు ఎనిమిది అడుగుల పైచిలుకే, మార్ష్ కొండతో పోలిస్తే నాలుగో వంతుకు కాస్త తక్కువ. కానీ పళ్ల పట్టా వేసిన దారి చాలా పొడవు. అప్పట్లో ఊటీ మద్రాసు ప్రెసిడెన్సీకి వేసవి రాజధాని. కోస్తా, రాయలసీమ జిల్లాల ఫైళ్లన్నీ వేసవిలో ఆ కొండెక్కాల్సిందే.

మార్ష్ చివరి రోజులు కాంకర్డ్‌లో గడిచాయి. నీలగిరిలో పని మొదలవక ముందే, 1884 డిసెంబరు 30న, 81 ఏళ్ల వయసులో పోయారు. రైలు బయల్దేరే చోటుకు మార్ష్‌ఫీల్డ్ అని పేరు. మార్ష్ పేరునూ, 1642లో ఈ కొండెక్కిన డార్బీ ఫీల్డ్ పేరునూ కలిపి పెట్టారు. పెప్పర్‌శాస్‌ను అక్కడే నిలబెట్టారు.

ఆ వసంతంలో మా పెట్టెలన్నీ విప్పి మళ్లీ కట్టాం. ఇప్పుడు ప్రతి మజిలీకీ సొంత బ్యాటరీ, సొంత తాళం. కొండ మీది పలకలను మంచు జారిపోయేలా దాదాపు నిటారుగా తిప్పాం. మధ్యది ఆగినా కిందిది తన ఇళ్లను తాను చూసుకుంటుంది. సంస్థకు పేరు పెట్టాల్సిన రోజు ఒకరు మెరుపు అన్నారు, ఒకరు శిఖరం అన్నారు. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా, జేబులోంచి అరిగిపోయిన ఇనుప పన్ను ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. ఇంక చర్చ జరగలేదు. తర్వాతి చలికాలంలో రెండో మజిలీ ఒకసారి ఆగింది. ఆ రాత్రి మా ఆవిడ ఇంట్లో కూర్చునే స్కాన్ చూసి, ఫోన్లో చెప్పి, పడుకుంది. ఆగిన సంగతే తనకు తెలియదు.

పోయిన వేసవిలో అమ్మ వచ్చింది. నాన్నతో కలిసి పెళ్లయిన కొత్తలో ఊటీ రైలెక్కిన మనిషి. నాన్న పోయాక ఆ ప్రయాణం మాట ఎత్తడం మానేసింది. మార్ష్‌ఫీల్డ్‌లో రైలు కదిలి, కింద పళ్లు కడ్డీలను పట్టుకుంటున్న చప్పుడు మొదలవగానే నా చెయ్యి పట్టుకుని, ఇది మేట్టుపాళయం చప్పుడే కదరా అంది. పైకి వెళ్లేదాకా ఆ చెయ్యి వదల్లేదు. దారి పొడవునా మార్ష్ కథ చెప్పాను.

కిందికొచ్చి ఇంటికి చేరాక, రాజమండ్రిలో ఉన్న పెద్దమ్మకు వీడియో కాల్ చేసింది. బొమ్మ ఎక్కడా బిగుసుకోలేదు. అంతా విని, పైన గుడి ఏదైనా ఉందా అని అడిగింది పెద్దమ్మ. లేదు పెద్దమ్మా అన్నాను. మరి గుడీ గోపురం లేనిదానికి అంత కష్టపడి రైలెందుకు వేశాడురా ఆ మహానుభావుడు అంది. అమ్మ నా చేతిలో ఫోను లాక్కుంది. అజీర్తికటే అక్కా అని చెప్పింది.